కుటుంబం ఎన్నిసార్లు బయలుదేరుతుంది? ఒక లెక్క వెనుక చరిత్ర

నగర రవాణా ప్రణాళికల లెక్కలు సాధారణంగా ఒక కుటుంబం రోజుకు ఎన్ని ప్రయాణాలు చేస్తుందన్న అంచనాతోనే మొదలవుతాయి. ఎక్కడికి, ఏ వాహనంలో, ఏ దారిన అన్న ప్రశ్నలు ఆ తరువాతివి కనుక, మొదటి అంకెలో దొర్లిన పొరపాటు చివరిదాకా వెంట వస్తుంది. అయినా ఈ అంకెను కుటుంబం తీసుకునే నిర్ణయంగా కాక, దాని స్థితిగతులను బట్టి ముందే ఖాయమైనదిగా చాలాకాలం చూశారు.

ఈ పద్ధతికి పునాది అమెరికాలో పడింది. అక్కడ 1940లలో ఇంటింటి ప్రయాణ సర్వేలు మొదలయ్యాయి. 1950లలో డగ్లస్ కారల్ నాయకత్వంలో డెట్రాయిట్, షికాగో నగరాల్లో జరిగిన అధ్యయనాలు ఆ సమాచారాన్ని భూ వినియోగంతో ముడిపెట్టాయి. రోడ్లు ఎంత వెడల్పున వేయాలన్నదే అప్పటి ప్రధాన ప్రశ్న కాబట్టి నగరాన్ని జోన్లుగా, అంటే చిన్న ప్రాంతాలుగా, విడదీసి తీసిన జోన్ల వారీ సగటులు సరిపోతాయనుకున్నారు. అయితే ఒకే జోన్‌లో కారున్న ఇల్లూ, లేని ఇల్లూ ఆ సగటులో కలిసిపోయేవి.

1967లో బ్రిటన్‌లో వూటన్, పిక్ అనే పరిశోధకులు జోన్‌ను వదిలి కుటుంబాన్నే ప్రమాణంగా తీసుకున్నారు. ఆదాయాన్ని 6 స్థాయులుగా, కార్ల సంఖ్యను 3 స్థాయులుగా, కుటుంబ నిర్మాణాన్ని 6 రకాలుగా విభజించి, మొత్తం 108 వర్గాలలో ఒక్కోదానికి ఒక ప్రయాణ రేటు, అంటే కుటుంబానికి రోజుకు సగటున ఎన్ని ప్రయాణాలన్న అంకె, కట్టారు. ఇది నిజంగా పెద్ద ముందడుగు. కానీ బస్సు ఛార్జీ పెరిగినా, కొత్త రోడ్డు వచ్చినా ఆ రేటు మారదు. మనుషులు మాత్రం అలాంటప్పుడు ప్రయాణం మానుకుంటారు, లేదా ఇంకొకటి పెట్టుకుంటారు.

ఆ లోటును పూడ్చే దారిని 1970లలో ఆర్థికవేత్త డేనియల్ మెక్‌ఫాడెన్ అభివృద్ధి చేసిన ఎంపిక సిద్ధాంతం చూపింది; ఉన్న అవకాశాల్లోంచి మనుషులు ఒకదాన్ని ఎలా ఎంచుకుంటారో అది లెక్కగడుతుంది. 1980లలో రూపొందిన నెదర్లాండ్స్ జాతీయ మోడల్, అంటే దేశమంతటి ప్రయాణాలను అంచనా వేసే లెక్కల నమూనా, ప్రశ్ననే మార్చి అడిగింది: ఈ రోజు ఈ పనికి బయలుదేరతారా, లేదా? బయలుదేరితే, మరోసారి వెళతారా? ఇలా అడిగినప్పుడు గమ్యాలు ఎంత సులువుగా అందుతాయన్నదీ లెక్కలోకి తేవచ్చు. రహదారుల విస్తరణ అదనపు రద్దీని పుట్టించగలదని 1994లో బ్రిటన్ ప్రభుత్వ సలహా సంఘమే తేల్చిన తరువాత, స్థిరమైన రేట్లను సమర్థించడం మరింత కష్టమైంది.

మోడల్ ఎంత మెరుగైనా దానికి ఆధారం సర్వేనే. ఇంట్లో అందరి తరఫున ఒక్కరే జవాబు చెప్పినప్పుడు అంగడికీ, బడికీ నడిచి వెళ్లిన ప్రయాణాలు తరచుగా నమోదు కావు. కాలినడక ఎక్కువగా ఉన్న మన నగరాల్లో, దీనివల్ల పేద కుటుంబాలు అసలు కంటే తక్కువగా కదులుతున్నట్టు కనిపిస్తాయి. వాటికి కావలసిన కాలిబాట ప్రణాళికలో వెనకబడిపోతుంది.