జపాన్ కత్తి మీది తెలుపు ఎవరిది?

మ్యూజియంలో అద్దాల వెనక ఉన్న జపాన్ కత్తిని చూస్తే, అంచు పొడవునా తెల్లటి పట్టీ అలలుగా సాగుతూ కనిపిస్తుంది. ఫొటోల్లో ఇంకా కొట్టొచ్చినట్టు ఉంటుంది. కత్తి అంచున కనబడే గీతను జపాన్‌లో హమోన్ అంటారు, అది ఈ తెలుపేనని అనుకుంటాం. కానీ ఆ తెలుపులో కొంత కమ్మరిది, కొంత సాన పట్టినవాడిది. ఎవరి వాటా ఎంత ఉండాలన్నదే కత్తుల అభిమానుల మధ్య తెగని తగువు.

కమ్మరి కత్తికి మట్టి పూస్తాడు, అంచు వైపు పలచగా, వీపు వైపు మందంగా. ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచితే అంచు గబుక్కున చల్లారి గట్టిపడుతుంది, వీపు కాస్త మెత్తగా మిగులుతుంది. ఆ రెంటి సరిహద్దే హమోన్. అది ఉక్కులోనే ఉంటుంది గానీ, సరైన రాయి పడేదాకా కంటికి ఆనదు. ఆ రాయి పట్టేవాణ్ణి తొగిషి అంటారు.

ఈ పనిలో పెద్ద పేరు హోన్‌అమి కుటుంబానిది. 14వ శతాబ్దంలో అషికాగా షోగన్ల, అంటే జపాన్‌ను ఏలిన సైనిక పాలకుల, కత్తులు చూసుకోవడానికి కుదిరారు. తుడవడం, సాన పట్టడం, ఎవరు చేసిందో తేల్చి విలువ కట్టడం, మూడూ వాళ్ల పనే. కత్తి ఎవరిదో, ఎంత బంగారం చేస్తుందో రాసి కాగితం మడిచి ఇచ్చేవాళ్లు. మడత కాగితం కాబట్టి ఒరిగామి. మనకు ఒరిగామి అంటే కాగితం కొంగలే గుర్తొస్తాయి. జపాన్‌లో మాత్రం నికార్సైన దేన్నైనా ఇప్పటికీ ‘ఒరిగామి ఉన్నది’ అంటారు.

సాన పట్టిన ఇల్లే సర్టిఫికెట్టూ రాస్తే అనుమానం రాకుండా ఉంటుందా? 13వ తరం పెద్ద కోచూ రాసినవాటికి నేటికీ గౌరవం ఉంది. షోగన్ యోషిమునె ఆజ్ఞ మీద పేరుమోసిన కత్తుల జాబితా తయారుచేసి 1719లో సమర్పించింది ఆయనే. తర్వాతి తరాల కాగితాల్ని మాత్రం కొనేవాళ్లు కాస్త జాగ్రత్తగానే చూస్తారు.

1876లో మెయిజీ ప్రభుత్వం నడుముకి కత్తి కట్టుకుని తిరగడాన్ని నిషేధించింది. సమురాయ్‌లకు పోయింది హోదా, తొగిషీలకు పోయింది కూడు. ఆ రోజుల్లోనే హోన్‌అమి హెయిజూరో హదోరి అనే కొత్త పద్ధతిని తీర్చిదిద్దాడు. పలచటి రాతి బిళ్లను బొటనవేలి కింద పెట్టి, హమోన్ వెంబడి రుద్దుతూ తెల్లగా తేల్చడమే హదోరి. పాత పద్ధతి సషికోమిలో ఇలా విడిగా తెలుపు తేవడం ఉండదు. ఉన్న గీత ఉన్నట్టే కనబడుతుంది. యుద్ధానికి పనికిరాని కత్తి చూడ్డానికైనా బాగుండాలి కదా! హదోరి గెలవడానికి కారణం ఇదేనని నాకనిపిస్తుంది.

దానికి ఎదురుమాటా ఉంది. లవంగ మొగ్గల్లా చిక్కగా ఉండే హమోన్ మీద హదోరి వేస్తే మొగ్గల వివరం పోయి గుండ్రటి అలలే మిగులుతాయి. ఇదంతా మేకప్ అనేవాళ్లు అందుకే ఉన్నారు.

1945లో ఓడిపోయాక అసలు కత్తులే దక్కేలా లేవు. అమెరికా సైన్యం కుప్పలుగా స్వాధీనం చేసుకుంది. ఇవి ఆయుధాలు కావు, కళాఖండాలని హొమ్మా జుంజి లాంటి పండితులు ఆ సైన్యపు అధికారి కల్నల్ కాడ్వెల్‌ను ఒప్పించబట్టి చాలా కత్తులు బతికాయి. 1948లో కత్తుల పరిరక్షణ సంఘం పుట్టింది. కత్తి నికార్సైనదో కాదో తేల్చే కాగితాలు ఇప్పుడు ఎక్కువగా ఆ సంఘమే ఇస్తోంది. 1975లో హోన్‌అమి నిష్షూకు ప్రభుత్వం ‘సజీవ జాతీయ సంపద’ గుర్తింపు ఇచ్చింది.

వాదన అందం దగ్గరే ఆగదు. మొదటి గరుకు రాళ్ల నుంచి పూర్తిగా సాన పట్టిన ప్రతిసారీ కొంత ఉక్కు పోతుంది, తిరిగి రాదు. పైపొర అరిగిపోయి లోపలి మెత్తటి ఉక్కు బయటపడ్డ పాత కత్తులున్నాయి. పిడిలో దాగే తోకను మాత్రం ఏ తొగిషీ ముట్టుకోడు. కత్తి వయసు చెప్పేది ఆ తోక మీది తుప్పే.

ఎప్పుడైనా కత్తిని చేత్తో పట్టుకుని చూసే అవకాశం వస్తే, ముందు నోరు మూసుకోవాలి. తుంపర పడితే తుప్పు పడుతుంది. తర్వాత ఒక్క బల్బు వైపు మొన చూపిస్తూ నెమ్మదిగా వంచాలి. హదోరి తెలుపు వెనక్కి తగ్గి, దాని లోపల సన్నటి గీత ఒకటి పొగమంచులా వెలుగుతుంది. కమ్మరి గీసింది అదే.