45 మెగాపిక్సెల్స్ కెమెరా: అపోహలు – వాస్తవాలు

పోయిన పెళ్లిళ్ల సీజన్‌లో ఓ రాత్రి, షాపు కట్టేసే వేళకు ఉప్పల్ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. కోఠిలో కెమెరాలు, లెన్స్‌లు అద్దెకిచ్చే మా షాపుకు ఆ టైమ్‌లో వచ్చేవాళ్లు మామూలుగా తెల్లవారుజాము ముహూర్తానికి లెన్స్ కావాలనే వస్తారు. ఇతను మాత్రం బ్యాగులోంచి 45 మెగాపిక్సెల్స్ కెమెరా, నికాన్ డీ850 తీసి కౌంటర్ మీద పెట్టాడు. "అన్నా, సెన్సార్ పోయిందంటున్నరు. బాగుచేయనీకి ముప్పై వేలైతదట. నాలుగు నెలల కింద సెకండ్‌హ్యాండ్‌ల కొన్న, ఇంకా కిస్తీలు కడుతున్న" అన్నాడు. గొంతు వణుకుతోంది.

కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి, గోడకు ఒక న్యూస్‌పేపర్ అతికించాను. షాపులో ఉన్న 85 ఎంఎం లెన్స్ బిగించి, ఐఎస్ఓ (వెలుతురుకు సెన్సార్ స్పందించే స్థాయి) 64, ఎఫ్ (లెన్స్ రంధ్రం సైజు) 5.6 పెట్టి, లైవ్ వ్యూలో (వెనక స్క్రీన్ మీద చూస్తూ) ఫోకస్ చేసి టైమర్‌తో ఒక ఫోటో తీశాను. ల్యాప్‌టాప్‌లో 100 శాతానికి పెంచితే చిన్న ప్రకటనల అక్షరాల అంచులే కాదు, కాగితం మీది నూగు కూడా కనిపించింది. ఫోటో పడే సెన్సార్ నిక్షేపంగా ఉంది. ఆ తర్వాత అతని పెళ్లి ఫోటోలు తెరిచాం. తలంబ్రాల సీన్. పాత జూమ్ లెన్స్, 120 ఎంఎం, షట్టర్ 1/60 సెకను. చేత్తో పట్టుకుని తీశాడు. అంత నిదానమైన షట్టర్‌కు చెయ్యి వణుకు ఫోటోలో పడింది.

నెలకు ఇద్దరు ముగ్గురైనా ఇలా వస్తారు. ఎవరో ఏదో అంటారు, వీళ్లు రాత్రంతా నిద్రపోరు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

అపోహ: మెగాపిక్సెల్స్ పెరిగితే ఫోటో దానంతటదే షార్ప్‌గా వస్తుంది.

రాదు. జనం జేబులకు ఎక్కువ చిల్లు పెట్టేది ఈ నమ్మకమే.

ఫుల్ ఫ్రేమ్ సెన్సార్ అంటే 36 × 24 మిల్లీమీటర్లు. 24 మెగాపిక్సెల్స్ బాడీలో (లెన్స్ లేని కెమెరా) ఆ వెడల్పున 6,000 పిక్సెల్స్, అంటే వెలుతురు పట్టే గళ్లు, ఉంటాయి. 2017లో వచ్చిన డీ850లో అదే వెడల్పున 8,256 ఉంటాయి. చోటు అంతే, గళ్లు ఎక్కువ. కాబట్టి ఒక్కో గడి చిన్నది. మీ చెయ్యి వణికి బొమ్మ ఆరు మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) జరిగిందనుకోండి. 24లో అది దాదాపు ఒక్క పిక్సెల్‌లో సర్దుకుపోతుంది. 45లో పిక్సెల్ నాలుగున్నర మైక్రాన్లు కూడా ఉండదు, కాబట్టి ఆ జరగడం పక్క పిక్సెల్‌లోకి పోతుంది. వణుకు అదే, ఇక్కడ మాత్రం దాచుకోవడానికి చోటు లేదు. 100 శాతానికి పెంచి చూసి "కెమెరా సాఫ్ట్ వస్తోంది" అని భయపడేది అందుకే. అదే ఫోటోను, 24 ఫోటోను ఒకే సైజులో ప్రింట్ వేసి పక్కపక్కన పెట్టండి. 45ది ఎక్కడా తీసిపోదు. ఇది తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

మిగతా సగం అలవాట్లు మార్చుకుంటే పోతుంది. 85 ఎంఎంకు 1/85 సెకను షట్టర్ చాలు అన్న పాత లెక్క ఈ బాడీలకు పనికిరాదు. దానికి కనీసం రెట్టింపు వేగం పెట్టాలి. తలంబ్రాల దగ్గర చేతులు కూడా కదులుతాయి కాబట్టి నేను 1/250కి తగ్గను. వెలుతురు చాలకపోతే ఐఎస్ఓ పెంచుతాను, లేదా ఫ్లాష్ వేస్తాను. షేక్ అయిన ఫోటోను ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు. ఐఎస్ఓ పెంచితే వచ్చే నాయిస్‌ను (ఫోటోలో కనిపించే గరుకుచుక్కలు) మాత్రం చాలావరకు తగ్గించవచ్చు. ట్రైపాడ్ మీద తీస్తుంటే కెమెరా లోపలి అద్దం (మిర్రర్) కదిలే అదురు కూడా తగులుతుంది, అప్పుడు అద్దాన్ని ముందే పైకి లేపే మిర్రర్ అప్ గానీ లైవ్ వ్యూ గానీ వాడాలి. ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ గాజు ప్లేట్ల మీద తీసిన ఫోటోల్లో ఇప్పటికీ అంత వివరం కనిపిస్తుంది. అంత పెద్ద కెమెరా కదలకుండా స్టాండ్ మీద ఉండేది, ఎదుటివాళ్లూ కదలకుండా ఉండేవాళ్లు.

ఇక ఫోకస్. డీఎస్ఎల్ఆర్‌లో (డీ850 లాంటి అద్దం ఉన్న కెమెరా) వ్యూఫైండర్‌కు కన్ను పెట్టి తీసేటప్పుడు ఫోకస్ చూసే సెన్సార్ వేరు, ఫోటో పడే సెన్సార్ వేరు. బాడీకీ లెన్స్‌కీ చిన్న తేడా ఉన్నా ఫోకస్ కంటి మీద కాకుండా చెవి మీద పడుతుంది. రెండు మీటర్ల దూరంలో 85 ఎంఎం, ఎఫ్ 1.8 పెడితే షార్ప్‌గా ఉండే లోతు ఐదారు సెంటీమీటర్లే. 45 మెగాపిక్సెల్స్‌లో అంత కూడా అనిపించదు. దీనికి మెనూలోనే ఏఎఫ్ ఫైన్ ట్యూన్ ఉంది, ఫోకస్‌ను కాస్త ముందుకో వెనక్కో జరిపే సెట్టింగ్. పావుగంట పని. సెన్సార్ మార్చాలని ఎవరైనా అంటే ముందు ఈ పావుగంట కేటాయించండి.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. 24 నుంచి 45కి వెళ్తే దాదాపు రెట్టింపు అనిపిస్తుంది. వెడల్పులో పెరిగేది మాత్రం 38 శాతం లోపే. మన 12 × 36 అంగుళాల ఆల్బమ్‌లో ఒక పేజీ 12 × 18. 300 డీపీఐ (అంగుళానికి ఇన్ని చుక్కలు అని) లెక్కన 5,400 × 3,600 పిక్సెల్స్, అంటే 20 మెగాపిక్సెల్స్ కూడా కాదు. ఒకే ఫోటోను రెండు పేజీలకూ పరిచినప్పుడు తేడా తెలుస్తుంది. 24 అయితే 167 డీపీఐ దగ్గర ఆగుతుంది, 45 అయితే 229 దాకా వస్తుంది. ఆల్బమ్‌లో అలాంటి షీట్లు ఎన్ని ఉంటాయో లెక్కేసుకుని అప్పు చేయండి.

నేనూ ఈ దారిలో నడిచినవాణ్నే. 2012లో డీ800 వచ్చినప్పుడు 36 మెగాపిక్సెల్స్ అని విని రెండు మంచి లెన్స్‌లు అమ్మి కొన్నాను. వరంగల్‌లో ఒకాయన రెండో కూతురి పెళ్లి చేశాను. ఆల్బమ్ చూసి ఆయన మెల్లగా, "పెద్దమ్మాయి పెళ్లికి తీసినవే బాగున్నయ్ బాబూ" అన్నాడు. పెద్దమ్మాయి పెళ్లికి వాడింది 12 మెగాపిక్సెల్స్ డీ700, ఆ అమ్మేసిన లెన్స్‌లతోనే. ఆ మాట నాకు ఇప్పటికీ గుర్తుంది.

అపోహ: అయితే ఇది పెళ్లిళ్లకు దండగ.

అదీ కాదు. గద్వాల చీర జరీ నేత పోగు పోగు చూపించాలన్నా, కుతుబ్‌షాహీ సమాధుల మీది గచ్చు పని తీయాలన్నా నాకు ఇదే కావాలి. అమీన్‌పూర్ చెరువు దగ్గర పక్షులు తీసేవాళ్లకు, డీఎక్స్ క్రాప్‌లో (సెన్సార్ మధ్య భాగం మాత్రమే వాడే మోడ్) కూడా ఇది 19 మెగాపిక్సెల్స్ ఇస్తుంది. ఐఎస్ఓ 64లో నీడల్లోంచి తీయగలిగే వివరం చూస్తే ప్రాణం లేచొస్తుంది. ఒక్క జాగ్రత్త. దీనికి ఇలాంటి చారలను ఆపే లో పాస్ ఫిల్టర్ లేదు, సన్నటి నేత మీద లేనిపోని రంగుల చారలు పడవచ్చు. కాస్త దూరం మార్చి ఇంకొకటి తీసుకోండి.

అపోహ: రాత్రి పూట ఎక్కువ మెగాపిక్సెల్స్ పనికిరావు. పిక్సెల్ లెక్కన చూస్తే నాయిస్ ఎక్కువే. ఒకే సైజుకు తగ్గించి చూస్తే తేడా చాలా తక్కువ.

అపోహ: ఏ ల్యాప్‌టాప్ అయినా లాగుతుంది. ఒక్కో రా ఫైల్ (జేపెగ్‌గా మార్చని అసలు ఫోటో ఫైల్) 50 ఎంబీ దాకా ఉంటుంది. 3,000 క్లిక్కులంటే 150 జీబీ. రెండో కాపీ కూడా పెట్టుకోవాలి కదా. హార్డ్ డిస్క్‌ల ఖర్చు ముందే పక్కన పెట్టండి.

అపోహ: డీఎస్ఎల్ఆర్ పనైపోయింది. కంపెనీలు మిర్రర్‌లెస్ (అద్దం లేని కెమెరాలు) వైపు వెళ్లాయి, నిజమే. మీ చేతిలో ఉన్నది ఫోటోలు తీయడం మానలేదు. పైగా డీ850 బ్యాటరీ ఒక్క చార్జింగ్‌తో 1,840 ఫోటోలు ఇస్తుందని కంపెనీ లెక్క.

అపోహ: షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా తీసిన క్లిక్కులు) 2 లక్షలు దాటితే కెమెరా ఆగిపోతుంది. అది పరీక్షించిన సంఖ్య, గడువు తేదీ కాదు. దాటినవి మా దగ్గర ఇంకా అద్దెకు తిరుగుతున్నాయి.

ఆ రాత్రి ఉప్పల్ కుర్రాడికి 85 ఎంఎం, ఒక ఫ్లాష్ ఇచ్చి పంపాను. పొద్దున వాట్సాప్‌లో ఫోటో పంపాడు. ఫోన్‌లో అన్నీ షార్ప్‌గానే కనిపిస్తాయి, కార్డు తీసుకుని రమ్మన్నాను. సాయంత్రం ఇద్దరం కూర్చుని చూశాం. పెళ్లికొడుకు తల మీద పసుపు అంటిన బియ్యం గింజలు విడివిడిగా ఉన్నాయి. అతని పాత జూమ్ కూడా బిగించి చూస్తే ఫోకస్ కొంచెం వెనక్కి పడుతోంది. ఫైన్ ట్యూన్‌లో మైనస్ 6 పెట్టాం. సరిపోయింది.