చెవిలోకి చూసే ముందు చెవి ఒగ్గి వినాలి

పిల్లలూ,

చెవి, ముక్కు, గొంతు డాక్టర్ దగ్గరికి వెళ్ళాలంటే మీలో చాలామందికి టెన్షన్. తలకు లైటు కట్టుకుని, చేతిలో మెరిసేదేదో పట్టుకుని ఒక మనిషి మీదికి వంగితే ఎవరికైనా భయమేస్తుంది. నేను ముప్ఫై ఏళ్ళకు పైగా ఆ లైటు కట్టుకున్న మనిషిని. ఆ గదిలో ఏం చేస్తామో, ఎందుకు చేస్తామో మీకు చెప్పాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను.

అన్నిటికంటే ముందు మేం మాట్లాడతాం. ఏమైంది, ఎప్పటినుంచి, ఏ వైపు, ఏం చేస్తే ఎక్కువవుతోంది, ఇంతకు ముందు ఎప్పుడైనా వచ్చిందా, ఏ మందులు వాడారు, ఏదైనా మందు పడదా అని వరసగా అడుగుతాం. ఊరికే కాలక్షేపానికి అడుగుతున్నామని కొందరు విసుక్కుంటారు. కానీ జబ్బు ఏమిటో సగం అక్కడే తెలిసిపోతుంది. ఈ సంగతి నేను పుస్తకంలో చదివాను గానీ, నాకు నేర్పింది మాత్రం ఒక పాప.

అప్పుడు నేను కొత్తగా ప్రాక్టీసు మొదలుపెట్టాను. నాలుగేళ్ళ పాపను తీసుకొచ్చి ముక్కు కారుతోందన్నారు. జలుబే కదా అని మందు రాసి పంపేశాను. రెండు వారాలకి మళ్ళీ వచ్చారు. ఈసారి పాప దగ్గరికి వంగగానే గుప్పుమని చెడు వాసన. అప్పుడు అడిగాను, "రెండు వైపులా కారుతోందా, ఒక్క వైపేనా?" అని. "కుడి వైపే డాక్టర్ గారూ, మొదటినుంచీ అంతే" అన్నారు. లోపల చూస్తే చిన్న స్పాంజి ముక్క. ఆడుకుంటూ దూర్చుకుంది, తిడతారని చెప్పలేదు. మామూలు జలుబైతే రెండు వైపులా కారుతుంది. చిన్నపిల్లలకు ఒక్క వైపు నుంచే కంపు కొట్టే చీమిడి వస్తుంటే లోపల ఏదో ఇరుక్కుందేమోనని ముందుగా అనుమానించాలి. నేను ఒక్క ప్రశ్న అడగనందుకు ఆ పాప రెండు వారాలు అవస్థ పడింది. ఆ తర్వాత "ఏ వైపు?" అని అడగకుండా నేను ఎవరి ముక్కూ చూడలేదు.

మీరు కూడా ముక్కులోనో చెవిలోనో ఏదైనా పెట్టుకుంటే వెంటనే పెద్దవాళ్ళకు చెప్పండి. బొమ్మల్లో, వాచీల్లో ఉండే గుండ్రటి చిన్న బ్యాటరీ అయితే అసలు ఆలస్యం చేయకూడదు. తడి తగిలితే అది కొన్ని గంటల్లోనే లోపలి కండను కాల్చేస్తుంది. మింగినా అంతే ప్రమాదం.

ప్రశ్నల్లో నాకు అన్నిటికంటే కష్టమనిపించేది "కళ్ళు తిరుగుతున్నాయి" అన్న మాట దగ్గర వస్తుంది. ఆ ఒక్క మాటనే మనం రెండు మూడు రకాల బాధలకు వాడేస్తాం. అందుకే మళ్ళీ అడుగుతాను: "గది అంతా నీ చుట్టూ గిర్రున తిరుగుతున్నట్టుందా? లేక చీకట్లు కమ్మి పడిపోబోతున్నట్టుందా?" మొదటిదైతే లోపలి చెవి మీద అనుమానం పోతుంది, ఎందుకంటే మనం ఒరిగిపోకుండా నిలబెట్టే పరికరం ఉన్నది అక్కడే. రెండోదైతే రక్తపోటు, నీరసం వంటి సంగతులు చూడాలి. అలాగే చెవిపోటని వచ్చినవాళ్ళ పళ్ళు చూస్తే ఆశ్చర్యపోతారు. చెవికి వచ్చే నరాల్లో కొన్ని పళ్ళకూ నాలుకకూ గొంతుకూ కూడా వెళ్తాయి. పుచ్చిన పన్నో, వాచిన టాన్సిలో పెట్టే నొప్పి ఒక్కోసారి చెవిలో తెలుస్తుంది.

ఇక చూడటం. బాగున్న చెవిని ముందు చూస్తాం. దాన్ని చూస్తే మామూలుగా ఎలా ఉంటుందో తెలుస్తుంది, ఈలోగా మీకూ భయం తగ్గుతుంది, నొప్పి ఉన్న చెవిలోని చీమును బాగున్న చెవికి అంటించే ప్రమాదమూ ఉండదు. చెవి డొప్పను పట్టుకుని లాగుతామే, అది అల్లరికి కాదు. చెవి దారి తిన్నగా ఉండదు, కాస్త వంపు తిరిగి ఉంటుంది. పెద్దవాళ్ళకైతే పైకీ వెనక్కీ, పసిపిల్లలకైతే కిందికీ వెనక్కీ లాగితే వంపు సరిపడి లోపలి వరకూ కనిపిస్తుంది. ఆ దారి పెద్దవాళ్ళలో సుమారు 2.5 సెంటీమీటర్లు. దాని చివర కర్ణభేరి. బాగున్న కర్ణభేరి ముత్యం రంగులో, పల్చటి పొరలా ఉంటుంది. మా లైటు పడగానే దాని ముందు భాగంలో కింది వైపు చిన్న త్రికోణంలా వెలుగు మెరుస్తుంది. ఎన్ని వేల చెవులు చూసినా ఆ మెరుపు కనబడితే నాకు ప్రాణం హాయిగా ఉంటుంది. చీము పట్టినప్పుడు అది ఎర్రబడి, ఉబ్బి, ఆ మెరుపు పోతుంది.

గులిమిని చూసి సిగ్గుపడకండి. అది మురికి కాదు, చెవికి కాపలా. చెవి లోపలి చర్మం నెమ్మదిగా బయటికి పెరుగుతూ గులిమిని తానే తోసేస్తుంది. పుల్లలు, పిన్నులు పెడితే అది ఇంకా లోపలికి పోతుంది. పరికరం తగిలినప్పుడు కొందరికి దగ్గు వస్తుంది. అది జబ్బు కాదు, గొంతుకు వెళ్ళే నరం కొమ్మ ఒకటి చెవిలోకీ వస్తుంది, అంతే.

వినికిడి చూడటానికి ట్యూనింగ్ ఫోర్క్ అనే రెండు కొమ్ముల లోహపు కడ్డీ వాడతాం. సెకనుకు 512 సార్లు కంపించేది ఎక్కువగా వాడతాం. దాన్ని మోగించి నుదుటి మధ్య ఆనించి, శబ్దం ఎటు వైపు వినిపిస్తోందని అడుగుతాం. దీనికి వెబర్ పరీక్ష అని పేరు. ఇప్పుడే మీరొక పని చేయండి. ఒక చెవిని వేలితో మూసి, నోరు మూసుకుని "మ్‌..." అనండి. శబ్దం మూసిన చెవిలోనే గట్టిగా మోగుతుంది, అవునా? గులిమి అడ్డుపడినా, కర్ణభేరి వెనక నీరు చేరినా అలాగే శబ్దం ఆ వైపుకే పోతుంది. లోపలి చెవి నరమే దెబ్బతింటే బాగున్న చెవి వైపు పోతుంది.

ముక్కుతో పెద్ద పని ఉండదు. కొనను బొటనవేలితో కాస్త పైకెత్తి లోపలికి చూస్తాం. చల్లటి లోహపు రేకు ముక్కు కింద పెట్టి, రెండు వైపులా ఆవిరి సమానంగా పడుతోందా లేదా గమనిస్తాం.

గొంతు దగ్గర మీ సాయం కావాలి. నాలుక వెనక భాగం తాకితే డోకు వస్తుంది కాబట్టి ముందు భాగాన్నే నొక్కుతాం. మీరు "ఆ..." అంటే కొండనాలుక పైకి లేచి దారి ఇస్తుంది. ఇంకా కిందున్న స్వరపేటికను బతికున్న మనిషిలో చూడటానికి డాక్టర్లు చాలా అవస్థలు పడ్డారు. 1854లో మాన్యుయెల్ గార్సియా అనే సంగీతం మాస్టారు పళ్ళ డాక్టర్లు వాడే చిన్న అద్దం గొంతులో పెట్టుకుని, ఎండను దాని మీద పడేటట్టు చేసి, తన స్వరతంత్రులను తానే చూసుకున్నారు. పాట ఎలా పుడుతుందో తెలుసుకోవాలని ఆయన ఆరాటం. మేమూ ఆ అద్దం వాడేవాళ్ళం. ఆవిరి పట్టకుండా వేడి చేసి, ముందు మా చేతి మీద ఆనించి చూసుకుని అప్పుడే మీ నోట్లో పెట్టేవాళ్ళం. ఇప్పుడు ముక్కులోంచి పోయే సన్నటి కెమెరా వచ్చింది.

మెడలో బిళ్ళలు కట్టాయేమో వెనక నిలబడి తడిమి చూస్తాం. వెనకనుంచి చెయ్యి పడితే ఉలిక్కిపడతారు గనుక ముందే చెప్పి ముట్టుకోవాలి.

చూడటం అయిపోయాక నేను మళ్ళీ కూర్చుని మాట్లాడతాను. ఒకసారి ఏడేళ్ళ బాబును గురక అని తీసుకొచ్చారు. రెండు కర్ణభేరులూ మెరుపు లేకుండా మసకబారి ఉన్నాయి. "బాగా వినిపిస్తుందా?" అంటే వాళ్ళమ్మ, "వినిపించకేమండీ, చెప్పిన మాటే వినడు" అంది. నేను బాబు వైపు తిరిగి, "నువ్వు చెప్పు నాన్నా" అన్నాను. వాడు నా పెదాల వైపే చూస్తూ, "టీచర్ బోర్డు వైపు తిరిగితే ఏం చెబుతారో తెలీదు" అన్నాడు. ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ అనే మెత్తటి కండ పెరిగి, చెవికి గాలి వెళ్ళే గొట్టం మూసుకుపోయి, కర్ణభేరి వెనక జిగురు లాంటి నీరు చేరింది. మాట వినక కాదు, వినబడక.

వినికిడి పరీక్ష రాసిచ్చాను. వెళ్ళేటప్పుడు వాళ్ళమ్మ తలుపు దగ్గర ఆగి, వాడికి ఎదురుగా వంగి, మొహంలోకి చూస్తూ ఏదో చెప్పింది. వాడు తల ఊపాడు.

ఆశీస్సులతో,
మీ డాక్టర్ అమ్మమ్మ