పాసైన యంత్రం దేంట్లో పాసైనట్టు? గని పరికరాల పరీక్షలపై అపోహలు – వాస్తవాలు

బొగ్గు గనిలోకి కొత్త రకం యంత్రం దిగాలంటే ముందు ప్రయోగశాల దాటాలి. మన దేశంలో ధన్‌బాద్‌లోని సింఫర్ (కేంద్ర గని, ఇంధన పరిశోధన సంస్థ) లాంటి సంస్థల్లో పరీక్షలు జరుగుతాయి, గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ డీజీఎంఎస్ అనుమతి ఇస్తుంది, గనిలో ఫీల్డ్ ట్రయల్ కూడా ఉంటుంది. రిపోర్టు చేతికి రాగానే సింగరేణిలో అయినా ఇంకెక్కడైనా అందరూ అడిగేది ఒకటే: "పాసైందా?" అసలు అడగాల్సింది "ఏ పరిస్థితిలో, ఏ ప్రశ్నకు పాసైంది?" అని. కింద చెప్పే అపోహలన్నీ ఈ రెండో ప్రశ్న అడగకపోవడం వల్ల పుట్టినవే.

అపోహ: గ్యాస్ లేని గనిలో పేలుడు రాదు.

వందేళ్ల కిందట నిపుణులు కూడా దీని మీద వాదించుకున్నారు. ఆ వాదన తేల్చడానికే అమెరికాలో పిట్స్‌బర్గ్ దగ్గర బ్రూస్టన్‌లో ప్రయోగాల కోసం ఒక గని తవ్వారు. 1911 అక్టోబర్ 30న అక్కడ జనం ముందే బొగ్గు ధూళిని పేల్చి చూపించారు. మన దగ్గర 1965 మే 28న ధోరీ గనిలో 268 మందిని బలిగొన్నదీ బొగ్గు ధూళి పేలుడే. ధూళి అంటుకోకుండా స్టోన్ డస్ట్ (మండని రాతి పొడి) చల్లుతాం. అయితే చల్లిన పొర మీద మళ్లీ 0.12 మిల్లీమీటర్ల సన్నటి బొగ్గు ధూళి పేరుకున్నా మంట ముందుకు పాకగలదని పూర్తిస్థాయి గని ప్రయోగాల్లో తేలింది. అది కాగితం మందం. కింద ఎంత స్టోన్ డస్ట్ ఉన్నా, పేలుడు గాలి ముందుగా లేపేది పై పొరనే. అందుకే కోత యంత్రం ప్రోటోటైప్‌ను (తొలి నమూనాను) పరీక్షించేటప్పుడు అది ఎన్ని టన్నులు కోసిందన్న లెక్కతో పాటు, రిటర్న్ గాలిలో (పనిచోటు దాటి బయటికి పోయే గాలిలో) ఎంత సన్నటి ధూళి వదిలిందన్న లెక్క కూడా కావాలి.

అపోహ: ఫ్లేమ్‌ప్రూఫ్ పెట్టెలోకి గ్యాస్ పోదు.

పోతుంది. మోటారు వేడెక్కినప్పుడు లోపలి గాలి బయటకు వస్తుంది, చల్లారినప్పుడు బయటి గాలి లోపలికి పోతుంది. గాలితో పాటు మీథేన్ కూడా. లోపల పేలుడు జరుగుతుందని ఒప్పుకునే ఆ పెట్టెను తయారు చేస్తారు. పెట్టె పగలకూడదు, మంట బయటి గ్యాస్‌కు అంటుకోకూడదు. అది ఇచ్చే హామీ ఇంతే.

పరీక్ష కూడా అలాగే నడుస్తుంది. పెట్టెలో 9.8 శాతం మీథేన్ కలిసిన గాలి నింపి, స్పార్క్ ఇచ్చి, ఎంత ఒత్తిడి పుట్టిందో కొలుస్తారు. ఆ ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు నీటితో ఎక్కించి కనీసం 10 సెకన్లు ఉంచుతారు. ఆ తర్వాత పెట్టె లోపలా బయటా పేలే మిశ్రమం నింపి, లోపల మాత్రమే అంటించి, బయట అంటుకుందా అని చూస్తారు. బయటకొచ్చే వేడి గ్యాస్‌ను చల్లార్చేది మూతకూ ఒంటికీ మధ్య ఉండే సన్నటి సందు. అంటే పెట్టె ప్రాణమంతా మూతా ఒళ్లూ ఒకదానికొకటి ఆనే అంచుల్లో, ఆ ఫ్లాంజి ముఖాల్లోనే ఉంది.

ప్రోటోటైప్‌లలో సరిగ్గా అక్కడే చెడగొడతారు. మూత రాకపోతే స్క్రూడ్రైవర్ దూర్చి లేపుతారు, ఫ్లాంజి మీద గీత పడుతుంది. తుప్పు పట్టకూడదని ఫ్లాంజికి రంగు వేస్తారు. ఒక బోల్టు పోతే పక్క షాపులో దొరికిన తక్కువ గ్రేడు బోల్టు బిగిస్తారు. అన్నిటికన్నా ఎక్కువగా కనబడేది ఇంకోటి ఉంది: లోపలి ఉష్ణోగ్రత కొలవాలని థర్మోకపుల్ (వేడి కొలిచే సెన్సర్) వైరు కోసం గోడకు చిన్న కన్నం పెట్టడం. ఆ కన్నంతో సర్టిఫికెట్ చెల్లదు.

లోపల కొత్త సర్క్యూట్ బోర్డులు ఇరికించి పెట్టెను రెండు గదులుగా చేసినా ప్రమాదమే. మొదటి గదిలో పేలుడు, రెండో గదిలోని గ్యాస్ ఇంకా అంటుకోకముందే దాన్ని నొక్కేస్తుంది. నొక్కుకుపోయిన ఆ గ్యాస్ అంటుకుంటే పుట్టే ఒత్తిడి ముందు పరీక్షలో కొలిచినదానికి చాలా పైన ఉంటుంది. లోపలి అమరిక మారితే మళ్లీ పరీక్షకు పంపాల్సిందే. ఇందులో బేరం లేదు.

బోల్టులన్నీ బిగించాక ఫీలర్ గేజ్‌తో (సందు కొలిచే సన్నటి రేకులతో) మూత చుట్టూ నాలుగైదు చోట్ల సందు కొలవండి. సర్టిఫికెట్ డ్రాయింగులో ఇచ్చిన అంకె ఒక్కచోట దాటినా కరెంటు ఇవ్వకండి.

అపోహ: 12 వోల్టుల బ్యాటరీయే కదా, ఏం కాదు.

మీథేన్ అంటుకోవడానికి దాదాపు 0.28 మిల్లీజౌళ్ల శక్తి చాలు. వోల్టులు తక్కువైనా సర్క్యూట్‌లో కాయిల్ ఉంటే, తీగ తెగిన క్షణంలో అది దాచుకున్న శక్తి స్పార్కుగా వస్తుంది. అందుకే ఇంట్రిన్సిక్ సేఫ్టీ (సర్క్యూట్‌లోని శక్తినే గ్యాస్‌ను అంటించలేనంత తక్కువగా ఉంచడం) పరీక్షలో కాడ్మియం పళ్లెం మీద 0.2 మి.మీ. టంగ్‌స్టన్ తీగలు రాపాడుతూ, 8.3 శాతం మీథేన్ గాలిలో వందలసార్లు స్పార్కులు పుట్టిస్తారు. ఆ పరీక్ష పాసైన సెన్సర్‌కు గనిలో మామూలు ల్యాప్‌టాప్ కేబుల్ తగిలిస్తే, పరీక్ష చేసిన సర్క్యూట్ అక్కడ లేనట్టే. డేటా లోపలే నిల్వ చేసుకుని, పైకి తెచ్చాక దించుకోవాలి.

అపోహ: మీటరు తక్కువ చూపిస్తే గ్యాస్ తక్కువ ఉన్నట్టే.

క్యాటలిటిక్ సెన్సర్ మీథేన్‌ను కాల్చి కొలుస్తుంది. కాల్చాలంటే ఆక్సిజన్ కావాలి. గ్యాస్ మరీ ఎక్కువై ఆక్సిజన్ తగ్గితే అంకె పెరగకుండా కిందికి జారుతుంది. సిలికోన్ స్ప్రే, సిలికోన్ గ్రీజు ఆవిరి తగిలితే సెన్సర్ చచ్చిపోతుంది. సున్నా మాత్రం చక్కగా చూపిస్తూనే ఉంటుంది. కాబట్టి మంచి గాలిలో సున్నా చూడటం సగం పనే. సెన్సర్ మీద చిన్న కప్పు తొడిగి, తెలిసిన శాతం గ్యాస్‌ను దానిలోంచి ఇచ్చి, అంకె ఎంతకు చేరిందో, ఎన్ని సెకన్లలో చేరిందో రెండూ రాయాలి. వాటర్ స్ప్రే బురద ఫిల్టర్ మీద గట్టిపడితే చివరికి అంకె సరిగానే వస్తుంది కానీ ఆలస్యంగా వస్తుంది. 1.25 శాతానికి కరెంటు ఆగాల్సిన చోట ఆ ఆలస్యం చిన్న విషయం కాదు. మీథేన్ గాలికన్నా తేలిక, పైకప్పు కింద పొరగా నిలుస్తుంది. సెన్సర్‌ను నడుము ఎత్తులో బిగిస్తే ఆ పొర దానికి తెలియదు.

అపోహ: రూఫ్ బోల్టు 10 టన్నులు లాగినా రాలేదు, అంటే గ్రౌటింగ్ పూర్తిగా పట్టింది.

రూఫ్ బోల్టు అంటే గని పైకప్పు కూలకుండా కన్నంలో దూర్చి, రెజిన్ అనే జిగురుతో (అదే గ్రౌట్) బిగించే ఉక్కు కడ్డీ. కొత్త రెజిన్ గురించో, కొత్త బోల్టర్ (ఆ కడ్డీలు బిగించే యంత్రం) గురించో రిపోర్టులు చదివేవాళ్లు ఎక్కువగా మోసపోయేది ఇక్కడే. పొడవంతా గ్రౌట్ చేసిన బోల్టును కింది నుంచి లాగితే, ఆ బరువును కన్నం నోటి దగ్గరి కొద్దిపాటి గ్రౌటే మోసేస్తుంది. పై భాగం ఖాళీగా ఉన్నా గేజ్ 10 టన్నులే చూపిస్తుంది.

పట్టు ఎంతో తెలియాలంటే బోల్టు పై కొసన 300 మి.మీ. మాత్రమే రెజిన్ పట్టేలా బిగించి లాగాలి. లెక్క చూడండి. 28 మి.మీ. కన్నం, 22 మి.మీ. బోల్టు అనుకుంటే మధ్య ఖాళీని 300 మి.మీ. మేర నింపడానికి దాదాపు 71 ఘన సెంటీమీటర్ల రెజిన్ కావాలి. అంటే 24 మి.మీ. క్యాప్సూల్‌లో సుమారు 156 మి.మీ. ముక్క. డ్రిల్ ఊగి కన్నం 30 మి.మీ. అయిందనుకోండి, అదే ముక్క 216 మి.మీ.కే సరిపోతుంది. రెండు మిల్లీమీటర్ల తేడాకు నాలుగో వంతుకు పైగా పట్టు పొడవు పోయింది. ఈ సంగతి తెలియకపోతే రెజిన్ బాగాలేదని రాసేస్తారు. తప్పు డ్రిల్ బిట్‌ది. బోల్టు దూర్చే ముందు కన్నాన్ని గేజ్‌తో కొలవకుండా చేసిన పుల్ టెస్టుకు (ఈ లాగుడు పరీక్షకు) విలువ లేదు.

లాగేటప్పుడు టన్ను టన్నుకు ఆగి జరుగుడు రాయాలి. డయల్ గేజ్‌ను జాకీకి బిగించకూడదు, నేల మీద విడిగా నిలబెట్టిన స్టాండుకు బిగించాలి. 22 మి.మీ. ఉక్కు 1.5 మీటర్ల ఖాళీ పొడవుకు 10 టన్నుల దగ్గర దానంతట అదే దాదాపు 2 మి.మీ. సాగుతుంది. ముందు ఆ సాగుడు తీసేస్తే మిగిలేదే పట్టు జారిన లెక్క. జాకీని గొలుసుతో మెష్‌కు (పైకప్పుకు బిగించిన ఇనుప వలకు) కట్టండి, పంపు కొట్టేవాళ్లు బోల్టుకు సూటిగా కింద ఉండకూడదు. బోల్టు తెగితే జాకీ కిందికి రాలుతుంది.

అపోహ: ప్రాక్సిమిటీ వ్యవస్థ యార్డులో పనిచేసిందంటే గనిలోనూ పనిచేస్తుంది.

మనిషి దగ్గరికొస్తే కంటిన్యువస్ మైనర్‌ను (బొగ్గు కోసే యంత్రాన్ని) ఆపే ఈ వ్యవస్థలను అమెరికా 2015లో నిబంధన చేసింది. వీటిలో ఎక్కువ భాగం అయస్కాంత క్షేత్రం మీద నడుస్తాయి. ట్రెయిలింగ్ కేబుల్ (యంత్రం వెనక ఈడ్చుకుపోయే కరెంటు కేబుల్) ఆ క్షేత్రాన్ని తన వెంట లాక్కుపోతుంది, రూఫ్ మెష్ దాని ఆకారాన్ని మారుస్తుంది. యార్డులో గీసిన హద్దు ఫేస్ (బొగ్గు కోసే చోటు) దగ్గర మారిపోతుంది. అందుకే నేల మీద గడులు గీసి, ప్రతి దిక్కు నుంచీ, నిలబడి ఒకసారి, వంగి ఒకసారి, మనిషి ధరించే పరికరం కుడి నడుముకు ఒకసారి, ఎడమకు ఒకసారి పెట్టి హద్దు కొలవాలి. వచ్చిన వాటిలో అతి చిన్న దూరాన్నే నమ్మాలి. యంత్రం సెకనుకు అర మీటరు నడుస్తూ, ఆగమన్న సంకేతం 0.6 సెకన్లు ఆలస్యమైతే, బ్రేకు పడకముందే 30 సెంటీమీటర్లు పోయినట్టు. ఈ పరీక్షకు ముందుగా పంపాల్సింది కర్రకు కట్టిన పరికరాన్ని, మనిషిని కాదు.

అపోహ: స్విచ్ ఆపి తాళం వేస్తే యంత్రం చచ్చినట్టే.

కరెంటు పోతుంది, శక్తి పోదు. అక్యుమ్యులేటర్‌లో (ఆయిల్‌ను ఒత్తిడితో నిల్వ ఉంచే సీసాలో) ఒత్తిడి నిలిచి ఉంటుంది. ఎత్తిన బూమ్ (యంత్రం చెయ్యి) బరువు సిలిండర్ మీదే ఉంటుంది. డ్రైవ్‌లోని కెపాసిటర్లు కొన్ని నిమిషాల దాకా చార్జ్ వదలవు. బూమ్‌ను నేలకు దించాలి లేదా దిమ్మ పెట్టాలి, అక్యుమ్యులేటర్ వాల్వు తెరిచి గేజ్ సున్నాకు వచ్చిందని చూడాలి, కెపాసిటర్ టెర్మినళ్లను మీటరుతో కొలవాలి. తాళం వేసిన ప్రతి మనిషి తన తాళం తానే తీయాలి.

హోసు కారుతుంటే చేత్తో తడిమి వెతకొద్దు, అట్టముక్క అడ్డుపెట్టి చూడండి. సూదిమొన కన్నం నుంచి వచ్చే ఆయిల్ చర్మం లోపలికి దూరిపోతుంది. పైకి చిన్న చుక్క గాయమే కనిపిస్తుంది, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండదు. అయినా ఆ మనిషిని వెంటనే సర్జన్ ఉన్న ఆసుపత్రికి పంపి, లోపలికి పోయింది హైడ్రాలిక్ ఆయిల్ అని, ఎంత ఒత్తిడి మీద పోయిందో రాసి చేతికివ్వాలి. కొన్ని గంటలు ఆలస్యమైతే వేలో చెయ్యో తీసేయాల్సి రావచ్చు.