అంతరిక్ష నౌకాదళం: సైన్యమా, అన్వేషక బృందమా?

సైన్స్ ఫిక్షన్ రాసేవాళ్లం ఏ నలుగురం కలిసినా ఈ వాదన రాకుండా ఉండదు: అమెరికన్ టీవీ సిరీస్ స్టార్ ట్రెక్‌లోని అంతరిక్ష నౌకాదళం స్టార్‌ఫ్లీట్ సైన్యమా, కాదా? కథలో నౌకాదళాన్ని పెట్టే ప్రతి రచయితా తేల్చుకోవాల్సిన సంగతే ఇది. నాకు తరచూ వినిపించే అపోహలు కొన్ని చెబుతాను.

అపోహ: కెప్టెన్, కమాండర్, అడ్మిరల్ అనే హోదాలున్నాయంటే అది సైన్యమే.

వాస్తవం: అమెరికాలో సముద్ర, వాతావరణ పరిశోధన చేసే నోవా సంస్థకు సొంత అధికారుల దళం ఉంది. నౌకాదళం తరహా యూనిఫాం, అవే హోదాలు. అడ్మిరల్ కూడా ఉంటారు. వాళ్ల పని సర్వే నౌకలు నడపడం, తుపానుల్లోకి విమానాలు తీసుకెళ్లడం. వాళ్లు సాయుధ దళాల కిందికి రారు.

అపోహ: ఆయుధాలు ఉన్నాయంటే అది యుద్ధనౌకే.

వాస్తవం: 1768లో బయలుదేరిన ఎండీవర్ మొదట బొగ్గు మోసిన ఓడ. బ్రిటిష్ నౌకాదళం దాన్ని కొని శాస్త్రవేత్తలను ఎక్కించింది, 10 ఫిరంగులు కూడా పెట్టింది. పైకి చెప్పిన పని తాహితీ నుంచి శుక్రగ్రహం సూర్యబింబాన్ని దాటడం చూడటం. కానీ ఓడ నడిపిన జేమ్స్ కుక్ దగ్గర సీలు వేసిన ఉత్తర్వు ఇంకొకటి ఉంది: దక్షిణాన ఉందని అప్పట్లో నమ్మిన ఖండం కోసం వెతకాలి, అక్కడివాళ్ల సమ్మతితో అనువైన ప్రాంతాలను రాజు పేరిట స్వాధీనం చేసుకోవాలి.

1770 జూన్‌లో ఆస్ట్రేలియా దగ్గర ఓడ పగడపు దిబ్బ మీదికెక్కి ఇరుక్కుపోయింది. అడుగు నుంచి నీళ్లు లోపలికి వస్తున్నాయి. బరువు తగ్గించడానికి సముద్రంలోకి తోసేసిన వాటిలో ఆరు ఫిరంగులున్నాయి. (1969లో అవి మళ్లీ దొరికాయి.) ఫిరంగులు పోయినా ఉత్తర్వు పోలేదు. ఆగస్టులో కుక్ ఆ తూర్పు తీరాన్ని రాజు పేరిట ప్రకటించాడు, అక్కడివాళ్ల సమ్మతి లేకుండానే. ఆయుధాల లెక్కతో నౌక స్వభావం తేల్చలేమని నేను నమ్మడానికి ఈ ఒక్క ప్రయాణం చాలు.

అపోహ: సైనికులు వెళ్తే అది సైనిక యాత్రే.

వాస్తవం: అపోలో 11లో ఆల్డ్రిన్, కాలిన్స్ వైమానిక దళ అధికారులు. ఆర్మ్‌స్ట్రాంగ్ అప్పటికి పౌరుడు. ముగ్గురినీ పంపింది పౌర సంస్థ నాసా. శాస్త్ర పరిశోధనకు సైనిక సిబ్బందిని వాడుకోవచ్చని 1967 నాటి అంతరిక్ష ఒప్పందమే చెబుతోంది.

అపోహ: స్టార్ ట్రెక్ ఈ ప్రశ్నకు ఎప్పుడో జవాబిచ్చేసింది.

వాస్తవం: ఒక్క జవాబు ఇవ్వలేదు. 1967లో వచ్చిన ఒక ఎపిసోడ్‌లో స్టార్‌ఫ్లీట్ కెప్టెన్ కిర్క్ తాను సైనికుణ్ణని, దౌత్యవేత్తను కానని అంటాడు. 1989లో, తర్వాతి సిరీస్‌లోని కెప్టెన్ పికార్డ్ స్టార్‌ఫ్లీట్ సైనిక సంస్థ కాదంటాడు, అదీ యుద్ధ విన్యాసాల కథలో! ఇది రచయితల పొరపాటని నేను అనుకోను. ఒకే సంస్థ రెండు పనులూ చేస్తున్నప్పుడు లోపలివాళ్ల మాటలు ఇలాగే ఉంటాయి.

మరి కథలో ఎలా తేల్చాలి? నేను ముందు నౌక పటం గీసి, ఏ పనికి ఎంత చోటుందో చూస్తాను. 1872లో బ్రిటిష్ యుద్ధనౌక ఛాలెంజర్‌ను సముద్ర పరిశోధనకు పంపేటప్పుడు ప్రయోగశాలల కోసం రెండు తప్ప ఫిరంగులన్నీ తీసేశారు. ఆ తర్వాత ఒక సన్నివేశం రాస్తాను: కింద గ్రహం మీద జీవం ఉంది, దిగొద్దని శాస్త్రాధికారి అంటుంది, దిగమని పైనుంచి ఆదేశం వస్తుంది. అప్పుడు కెప్టెన్ ఎవరి మాటకు కట్టుబడాలని నౌకాదళం నిబంధనల్లో ఉందో, కథ మొదలుపెట్టకముందే రాసి పెట్టుకుంటాను.