ఫీజుకూ డాక్టరుకూ మధ్య పెరిగిన దూరం

బకాయిలు తీర్చకపోతే ఆరోగ్యశ్రీ కేసులు తీసుకోబోమన్న తెలంగాణ ప్రైవేటు నెట్‌వర్క్ ఆస్పత్రులు 2025లో అన్నంత పనీ చేశాయి. జనవరిలో ఒకసారి, సెప్టెంబరులో మరోసారి సేవలు ఆగాయి. వార్తల్లో అది ప్రభుత్వానికీ యాజమాన్యాలకూ మధ్య పేచీ. హైదరాబాద్‌లో ఇరవై ముప్పై పడకల నర్సింగ్ హోమ్ నడిపేవారికి అది ఏళ్ల తరబడి సాగుతున్న వ్యవహారం. వైద్యం చేయించుకునేది ఒకరు, డబ్బు చెల్లించేది ఇంకొకరు కావడంతో మొదలైంది.

ఎనభైల దాకా కోఠి, నారాయణగూడ, హిమాయత్‌నగర్ క్లినిక్కుల్లో లెక్కలు సులువు. ఉస్మానియాలోనో గాంధీలోనో చదివిన దంపతులు, ఆయన ఫిజీషియన్, ఆవిడ గైనకాలజిస్టు. కింద నర్సింగ్ హోమ్, పైన ఇల్లు. ఫీజు సొరుగులోకి, పేరు కాంపౌండరు నోట్‌బుక్కులోకి. ఆస్పత్రిలో చేరితే ముందు అడ్వాన్సు, డిశ్చార్జి రోజున మిగతాది. ఎవరికి ఎంత తగ్గించాలో డాక్టరే మనిషిని చూసి తేల్చేవారు. ఆదాయపు పన్ను నిబంధనల్లో డాక్టర్లకు ప్రత్యేకంగా ఫారం 3సీ అనే రోజువారీ రిజిస్టరు ఉండేది: రోగి పేరు, చేసిన వైద్యం, అందిన ఫీజు, తేదీ. దాన్ని ఎందరు నిజంగా నింపారో వాళ్ల ఆడిటర్లకే తెలియాలి. ఆ కాలాన్ని మరీ మురిపెంగా తలచుకోనక్కర్లేదు, పుస్తెలు తాకట్టుపెట్టి బిల్లు కట్టిన కుటుంబాలూ అప్పటివే. అయితే డబ్బు ఆలస్యంగా రావడమనే కష్టం డాక్టరుది కాదు.

1988లో జూబ్లీహిల్స్‌లో అపోలో తెరుచుకుంది. మరుసటి ఏడాది యశోద చిన్న క్లినిక్కుగా మొదలైంది. 1997లో నాంపల్లిలో కేర్ వచ్చింది. బిల్లింగ్ కౌంటరు డాక్టరు గది దాటి బయటికి నడిచింది. ఈలోగా 1995 నవంబరు 13న సుప్రీంకోర్టు, డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల రక్షణ చట్టం కిందికి వస్తుందని తీర్పు చెప్పింది. అప్పటిదాకా ముక్తసరిగా రాసుకున్న కేస్‌షీటు కోర్టులో చూపాల్సిన కాగితమైంది.

అసలు మలుపు బీమాతో వచ్చింది. 1986లో ప్రభుత్వరంగ బీమా సంస్థలు తెచ్చిన మెడిక్లెయిమ్ డాక్టర్లను పెద్దగా కదిలించలేదు. రోగి ముందు బిల్లు కట్టి, తర్వాత కంపెనీ చుట్టూ తిరిగేవాడు. బీమా నియంత్రణ సంస్థ 2001లో ఢిల్లీ నుంచి హైదరాబాద్‌కు మకాం మార్చింది. అదే ఏడాది టీపీఏలకు, అంటే బీమా కంపెనీకీ ఆస్పత్రికీ నడుమ ఉండి క్లెయిములు చూసే సంస్థలకు నిబంధనలు వచ్చాయి. క్యాష్‌లెస్, అంటే రోగి కట్టకుండా బీమా నుంచే ఆస్పత్రికి బిల్లు అందే పద్ధతి, ఊపందుకుంది. మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీలు ఉద్యోగులకు గ్రూప్ పాలసీలిచ్చాయి. కార్డు పట్టుకొచ్చిన మనిషిని వెనక్కి పంపలేక కూకట్‌పల్లి, దిల్‌సుఖ్‌నగర్ నర్సింగ్ హోమ్‌లూ ఎంప్యానెల్‌మెంట్ కోసం, అంటే బీమా కంపెనీల ఆస్పత్రుల జాబితాలో చేరడం కోసం, బారులు తీరాయి.

ఇక తిరగడం ఆస్పత్రి వంతు. ముందు ప్రీ ఆథ్, అంటే వైద్యానికి ముందస్తు అనుమతి కోరే కాగితం, పంపాలి. క్వెరీ వస్తే డ్యూటీ డాక్టరు జవాబు రాయాలి. డిశ్చార్జి తర్వాత ఫైలు పోవాలి, అందులో గ్లోవ్స్‌కింత, ఇంకో పరీక్షకింత అని కోతపడాలి. మిగిలిన సొమ్ములోనూ పది శాతం టీడీఎస్, అంటే చెల్లించేవారే ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను. టీపీఏలు ఆస్పత్రులకు ఇచ్చే డబ్బు మీద ఈ కోత తప్పదని 2009 నవంబరులో ప్రత్యక్ష పన్నుల బోర్డు సర్క్యులర్ తేల్చింది. చిక్కేమిటంటే అది లాభం మీద కాదు, బిల్లు మీద. మందులు, ఇంప్లాంట్లు, జీతాలు పోగా పది శాతం మిగలని చోట, రిఫండ్ వచ్చేదాకా ఆ సొమ్ము ఇరుక్కుపోయినట్టే. కార్పొరేట్ ఆస్పత్రి దీన్ని మోస్తుంది. చిన్న ఆస్పత్రి ఓవర్‌డ్రాఫ్ట్ మీద వడ్డీ కడుతుంది.

2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైన ఆరోగ్యశ్రీ ఏడాదిన్నరలోపే రాష్ట్రమంతా పాకింది. జిల్లాల రోగులు హైదరాబాద్ పడకలకు చేరారు. ఎంతోమంది పేదలకు మొదటిసారి గుండె ఆపరేషన్ అందుబాటులోకి వచ్చింది. ఆ మేలును తక్కువ చేయలేం. కానీ ధర నిర్ణయించడం డాక్టరు చేతుల్లోంచి పూర్తిగా జారిపోయిందీ ఇక్కడే. ఆపరేషన్‌కింత అని ప్యాకేజీ, దాని మీద పైసా అడగకూడదు. తక్కువ మార్జిన్‌ను కేసుల సంఖ్యతో పూడ్చుకోవచ్చన్న లెక్క నిలవాలంటే చెల్లింపులు సమయానికి రావాలి. 2023 డిసెంబరు 9న తెలంగాణ ప్రభుత్వం ఆరోగ్యశ్రీ వైద్యఖర్చు పరిమితిని పది లక్షలకు పెంచింది. రోగికి ఊరట. ఆస్పత్రికి మాత్రం ఒక్కో ఫైలు వెనుక ఆగిపోగల మొత్తం పెరిగింది.

జీఎస్టీ కూడా చూడబోతే అంతే. వైద్యసేవ మీద పన్ను లేదు కాబట్టి, మెషిన్ కొన్నప్పుడు కట్టిన పన్ను క్రెడిట్‌గా వెనక్కి రాదు, ఖర్చుగానే మిగులుతుంది. రోజుకు అయిదు వేలు దాటిన గది అద్దెపై 2022 జులైలో వచ్చిన అయిదు శాతం పన్ను చిన్నవాళ్లను పెద్దగా తాకలేదు, వాళ్ల గదులు అంత పలకవు.

ఈ పరుగులో కమీషన్ల మాట దాచలేం. ఊళ్ల ఆర్ఎంపీలతో మాట్లాడి కేసులు తెచ్చే పీఆర్వోల జీతం కూడా ఇప్పుడు ఆస్పత్రి ఖర్చే. రిఫరల్‌కు డబ్బు తీసుకోవడాన్ని 2002 నాటి వైద్య నైతిక నియమావళి నిషేధించింది, అయినా ఆగలేదు. క్లెయిములు ఆలస్యమవుతున్నాయన్నది దీనికి సాకు కాజాలదని నా అభిప్రాయం.

డబ్బు కోసం నిరీక్షించే స్తోమత ఉన్న పెద్ద ఆస్పత్రులు ఇంకా పెద్దవయ్యాయి. కిమ్స్ 2021లో, రెయిన్‌బో 2022లో స్టాక్ మార్కెట్‌కెక్కాయి. 2023లో కేర్ బ్లాక్‌స్టోన్ చేతికి వెళ్లింది. క్యాష్‌లెస్ అనుమతి గంటలో, డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలని 2024 మే నెలలో బీమా నియంత్రణ సంస్థ ఆదేశించింది. అది అనుమతికి పెట్టిన గడువు. ఆస్పత్రి ఖాతాలో డబ్బు ఎప్పుడు పడాలన్నది ఇప్పటికీ టీపీఏతో, బీమా కంపెనీతో కుదుర్చుకున్న ఒప్పందం మీదే నడుస్తోంది. ఆ ఒప్పందంలో బేరమాడే బలం లేని కొందరు డాక్టర్లు పడకలు తీసేసి, మళ్లీ ఓపీకే పరిమితమవుతున్నారు.