అరకులో ఇల్లు ఎందుకు కొనలేం? 1970 నాటి ఒక వాక్యం కథ

2025 జనవరి చివర విశాఖలో పర్యాటక పెట్టుబడుల సదస్సు జరిగింది. మన్యం భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా ఆపే వన్ ఆఫ్ సెవెంటీ (1/70) చట్టాన్ని పర్యాటకం కోసం సడలించే ఆలోచన చేయాలని శాసనసభ స్పీకర్ చింతకాయల అయ్యన్నపాత్రుడు అందులో అన్నారు. గిరిజన సంఘాలు భగ్గుమన్నాయి. ఫిబ్రవరి 11, 12 తేదీల్లో మన్యం బంద్‌కు పిలుపునిచ్చాయి. చట్టం జోలికి వెళ్లబోమని ముఖ్యమంత్రి చంద్రబాబు ప్రకటించాల్సి వచ్చింది. లంబసింగి చలి, వంజంగి మేఘాలు చూసొచ్చిన వాళ్లు అడిగే ప్రశ్న మాత్రం అలాగే ఉంది: అక్కడ పది సెంట్లు కొనుక్కుని చిన్న ఇల్లు కట్టుకుంటే తప్పేంటి?

గిరిజనుల భూమి బదిలీకి మొదట అడ్డుకట్ట వేసిన 1917 నాటి మద్రాసు చట్టం, మన్యం తిరుగుబాట్లు పాత కథ. అసలు మలుపు 1959కీ 1970కీ మధ్య ఉంది. 1959 భూ బదిలీ రెగ్యులేషన్ (ఎల్టీఆర్) ప్రకారం గిరిజనుడి భూమిని గిరిజనేతరుడు కొనాలంటే ఏజెంటు, అంటే జిల్లా కలెక్టర్, రాతపూర్వకంగా అనుమతించాలి. చూడ్డానికి గట్టిగానే ఉంది. కానీ ఆ అడ్డుకట్ట గిరిజనుడు అమ్మే మొదటి అమ్మకానికే. భూమి ఒకసారి గిరిజనేతరుడి చేతికి వచ్చాక అతను ఇంకో గిరిజనేతరుడికి అమ్మితే అడిగేవాడు లేడు. రెండు మూడు చేతులు మారేసరికి మొదట ఎవరి దగ్గర, ఏ అప్పు కింద పోయిందో తేల్చడం అసాధ్యమయ్యేది. పైగా ఆ భూమి తనదని నిరూపించుకోవాల్సిన భారం పోగొట్టుకున్న వాడిదే. సంతలో ఉప్పుకూ బట్టకూ చేసిన అప్పు కింద వేలిముద్ర వేసిన రైతు దగ్గర ఏ కాగితం ఉంటుంది?

1970 ఫిబ్రవరి 3న అమల్లోకి వచ్చిన ఆ ఏటి మొదటి రెగ్యులేషన్, 1959 దాన్ని సవరించి, ఈ కంతల్ని పూడ్చింది. వన్ ఆఫ్ సెవెంటీ అనే పేరు దానిదే. అమ్మేవాడు గిరిజనుడైనా కాకపోయినా, ఏజెన్సీలోని, అంటే మన్యం లాంటి షెడ్యూల్డ్ ప్రాంతాల్లోని, స్థిరాస్తిని గిరిజనుడికో, పూర్తిగా గిరిజనులే సభ్యులుగా ఉన్న సహకార సంఘానికో తప్ప బదిలీ చేస్తే చెల్లదంది. గిరిజనేతరుడి స్వాధీనంలో ఉన్న ఆస్తి గిరిజనుడి నుంచి వచ్చిందనే ముందుగా భావించాలని, కాదని రుజువు చేసుకునే భారం అతనిదేనని చెప్పింది. నా దృష్టిలో నేటి గొడవంతా ‘గిరిజనుడైనా కాకపోయినా’ అన్న ఆ మాట దగ్గరే ఉంది. సడలించమనే వాళ్లు అడుగుతున్నది కూడా, వాళ్లు ఆ మాట ఎత్తకపోయినా, దాన్ని తీసేయమనే.

ఇళ్లకూ రిసార్టులకూ ఇది ఎలా వర్తిస్తుందో వివరంగా చెప్పాలి, ఎందుకంటే డబ్బు పోగొట్టుకునేది ఇక్కడే. చట్టంలో బదిలీ అంటే అమ్మకం ఒక్కటే కాదు. తనఖా, లీజు, దానం, మార్పిడి, వాటి కోసం రాసుకునే ఒప్పందం కూడా బదిలీయే. కాబట్టి 11 నెలల లీజు కాగితం, సాదా అగ్రిమెంటు ఏదీ నిలవదు. గిరిజనుడి పేర కొని వెనకనుంచి గిరిజనేతరుడు నడిపే బినామీ పద్ధతినీ చట్టం పేరుపెట్టి మరీ బదిలీగా లెక్కేసింది. ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు హక్కు పత్రాలు కావు. 1978 సవరణతో ఇలాంటి దస్తావేజుల రిజిస్ట్రేషన్‌కు అడ్డుకట్ట పడింది. ఉల్లంఘిస్తే ఏడాది దాకా జైలు, రెండు వేల దాకా జరిమానా అని చేర్చారు. ఎవరైనా ఫిర్యాదు చేయొచ్చు, అధికారి తనంతట తానే ఎల్టీఆర్ కేసు పెట్టొచ్చు. విచారణ స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ చేస్తారు. బదిలీ తేలితే ఖాళీ చేయించి భూమిని అసలు హక్కుదారుకో వారసులకో అప్పగిస్తారు. కట్టిన గోడల ఖర్చు ఎవరూ ఇవ్వరు.

తరతరాలుగా అక్కడే ఉన్న గిరిజనేతర కుటుంబాల బాధ కూడా ఉంది. 1970కి ముందే కొన్న ఆస్తికి సవరణ వెనక్కి వర్తించదని సుప్రీంకోర్టు 1995లో తేల్చింది. అయినా దాన్ని నచ్చినవాడికి అమ్ముకోలేరు. కొనే గిరిజనుడు దొరక్కపోతే ప్రభుత్వానికి అప్పగించి పరిహారం తీసుకోవడమే దారి.

ప్రభుత్వమే ఇవ్వొచ్చు కదా అనే వాదనకు 1997 జులై 11న జవాబు వచ్చింది. అరకు రైలు దారిలోనే ఉన్న అనంతగిరి మండలంలో, బొర్రా చుట్టుపక్కల, ప్రైవేటు గనులకు ఇచ్చిన లీజులపై సమత సంస్థ వేసిన కేసు అది. చట్టంలోని ‘వ్యక్తి’ అనే మాటలో ప్రభుత్వమూ ఉందని సుప్రీంకోర్టు ముగ్గురిలో ఇద్దరి మెజారిటీతో చెప్పింది. గిరిజనేతరులకు లీజులు చెల్లవంది. ప్రైవేటు స్టార్ హోటలుకు కొండ మీద ప్రభుత్వ భూమి లీజుకివ్వాలన్నా ఈ తీర్పు దాటాలి. హరిత రిసార్టుల్ని ప్రభుత్వ పర్యాటక సంస్థే నడుపుతూ వచ్చిన సంగతి గుర్తుంచుకోవాలి.

ఈ చట్టం పర్యాటకానికి అడ్డం కాదు. గిరిజన రైతు తన పొలంలో తానే డేరాలు వేసి రాత్రికింత అని తీసుకుంటే భూమి హక్కు ఎక్కడికీ పోదు. పదిమంది గిరిజన రైతులు సహకార సంఘం పెట్టుకుని భూమి తీసుకుని కాటేజీలు కట్టొచ్చు. వాళ్లకు ఎదురయ్యే ఇబ్బంది వేరే ఉంది: కోర్టు డిక్రీ అమలులో జరిగే వేలం కూడా బదిలీయే. అంటే బాకీ పడితే ఆ ఆస్తిని గిరిజనుడికే అమ్మాలి. అందుకే బ్యాంకులు ఇంటి అప్పుకూ కాటేజీ అప్పుకూ వెనకాడతాయి. పర్యాటకం మీద నిజంగా శ్రద్ధ ఉంటే ఆ అప్పుకు ప్రభుత్వం హామీ నిలబడాలి. దానికి చట్టంలో ఒక్క అక్షరమూ మార్చనక్కర్లేదు.

మార్చాలనుకున్నా ఇది రాజ్యాంగం అయిదో షెడ్యూలు కింద గవర్నర్ చేసిన రెగ్యులేషన్. గిరిజన సలహా మండలిని సంప్రదించాలి, రాష్ట్రపతి ఆమోదం కావాలి. ఆ మండలి ముందుకు ప్రతిపాదన వస్తే సభ్యులు మొదట అడగాల్సింది ఒకటుంది: హోటలుకని ఇచ్చిన ఎకరం, ఆ కంపెనీ చేతులెత్తేశాక ఎవరి చేతికి వెళ్తుంది? 1959 రెగ్యులేషన్ మొదటి అమ్మకాన్ని మాత్రమే చూసి, ఈ రెండో అమ్మకాన్ని వదిలేసింది.